మనసు గాయాన్ని తాకే చేతులకు పర్యవేక్షణ ఎవరిది?

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాలలో ఇటీవలి సంవత్సరాలలో ఒక మంచి మార్పు కనబడుతున్నది. ఒంటికి తగిలిన దెబ్బకు ఉన్నట్లే మనసుకు తగిలిన దెబ్బకు కూడా వైద్యం ఉన్నదని మన కుటుంబాలు మెల్లమెల్లగా ఒప్పుకుంటున్నాయి. మన ఆడపిల్లలు డిగ్రీలో సైకాలజీ తీసుకుంటున్నారు. కౌన్సెలింగులో పీజీ చేసి, హైదరాబాదులోనో ఆన్‌లైన్‌లోనో ఏదో ఒక చికిత్సా పద్ధతిలో శిక్షణ పొంది, సర్టిఫికెట్టుతో ఊరికి తిరిగి వస్తున్నారు. ఇది సంతోషించవలసిన విషయం. అయితే ఈ సంతోషంలో మనం అడగడం మరచిపోతున్న ప్రశ్న ఒకటున్నది. శిక్షణ ముగించి మొదటి రోగి ఎదుట కూర్చున్న ఆ థెరపిస్టు పనిని ఎవరు చూస్తున్నారు? సందేహం వస్తే ఆమె ఎవరిని అడుగుతున్నది? పొరపాటు జరిగితే ఎవరు సరిదిద్దుతున్నారు?

నేను వైద్యుణ్ణి కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ తరువాత వితంతు పింఛన్లు, గల్ఫ్ మృతుల కాగితాలు, పిల్లల స్కాలర్‌షిప్పులు అంటూ మన ఇళ్ళ గడపలు తొక్కుతున్నవాణ్ణి. ఆ గడపల దగ్గర చూసినదానితో, తెలుసుకున్నదానితో ఈ మాటలు రాస్తున్నాను.

మన ప్రాంతపు గాయాలు

మన ప్రాంతానికి గాయాలు కొత్త కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ మరుసటి నెలలోనే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ తరువాతి రెండు దశాబ్దాలు ఈ పల్లెలు ఇటు పోలీసులను చూసి, అటు తుపాకులను చూసి వణికాయి. అర్ధరాత్రి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడి లేచే అలవాటు నా వయసువారిలో కొందరికి ఈనాటికీ పోలేదు.

ఆ వెనువెంటనే సిరిసిల్ల మరమగ్గాల సంక్షోభం వచ్చింది. పని లేక, అప్పు తీరక కార్మికులు ఒకరి వెంట ఒకరు ఆత్మహత్య చేసుకున్నారు. సిరిసిల్ల పేరు బట్టతో పాటు చావులకు కూడా గుర్తుగా మారింది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లు కొంత ఊపిరి పోసినా, ఆ ఇళ్ళలో తండ్రి ఉరితాడుకు వేలాడగా చూసిన పిల్లలు ఇప్పుడు పెద్దవారై తామే మగ్గాల ముందు నిలబడి ఉన్నారు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఒకే ఊరి నుండి అనేక శవాలు లేచాయి. పరిహారం పంచడానికి లెక్కలు వేశారు. బతికి బయటపడినవారి నిద్ర గురించి ఎవరూ లెక్క వేయలేదు.

ఇక గల్ఫ్ మాట చెప్పనక్కరలేదు. శంషాబాదు విమానాశ్రయం నుండి శవపేటికతో బయలుదేరిన అంబులెన్సు కోరుట్ల, మెట్‌పల్లి దారి పట్టని నెల ఉండదు. దుబాయి జైలులో 18 సంవత్సరాలు గడిపిన సిరిసిల్ల ప్రాంతవాసులు కొందరు 2024 ఫిబ్రవరిలో ఇల్లు చేరారు. విమానాశ్రయంలో బంధువులు వారిని కౌగిలించుకుని ఏడ్చిన ఫోటోలను పత్రికలలో చూశాము. పుట్టినప్పుడు చూసిన బిడ్డ పెళ్ళీడుకు వచ్చి ఎదురుగా నిలబడినప్పుడు ఆ తండ్రి మనసులో ఏమి జరుగుతుందో ఏ ఫోటోకూ అందదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ప్రకటించింది. అది అవసరమే. కాని సాయం అందిన ఇంట్లో కూడా రాత్రిపూట కేకలు వేస్తూ లేచే పిల్లవాడు అలాగే ఉన్నాడు.

ఈ దుఃఖాలలో హిందువు, ముస్లిం అనే భేదం లేదు. కాని మన సముదాయానికి అదనపు బరువు ఒకటున్నది. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగిన తరువాత పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. వారిని చిత్రహింసలు పెట్టిన తీరు రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన అడ్వొకేట్ కమిషనర్ నివేదికకెక్కింది. ఆ తరువాత న్యాయస్థానం వారిని నిర్దోషులుగా వదిలివేసింది. ప్రభుత్వం ఇచ్చిన పరిహారం ఉత్తర్వును 2013లో హైకోర్టు కొట్టివేసింది. ఆ కథ హైదరాబాదుది. కాని ఆ భయం మాత్రం జిల్లాలలోని ప్రతి ముస్లిం తల్లి గుండెలో చేరింది. తన మనసులోని మాటను పరాయివారి ఎదుట చెబితే అది ఏ కాగితం మీదికి ఎక్కుతుందో, ఆ కాగితం ఎవరి చేతికి పోతుందో అనే అనుమానం మనవారికి ఊరికే పుట్టినది కాదు.

పద్ధతి మంచిదే, పని బరువైనది

ఈ గాయాలకు ప్రపంచం కొన్ని చికిత్సలను పరీక్షించి ఆమోదించింది. వాటిలో ఒకటి ఇ.ఎమ్.డి.ఆర్. పూర్తి పేరు ఐ మూవ్‌మెంట్ డీసెన్సిటైజేషన్ అండ్ రీప్రాసెసింగ్. అమెరికా మనస్తత్వవేత్త ఫ్రాన్సీన్ షాపిరో 1987లో దీనికి బీజం వేసి, 1989లో తన మొదటి అధ్యయనాన్ని ప్రచురించారు. బాధించే జ్ఞాపకాన్ని మనసులో నిలుపుకుని, థెరపిస్టు వేళ్ళ కదలికను కళ్ళతో అనుసరించడం గాని, కుడి ఎడమల మార్చి మార్చి తట్టించుకోవడం గాని ఇందులో ముఖ్యమైన ప్రక్రియ. ఆ జ్ఞాపకం చెరిగిపోదు. అది మనిషిని నిలువునా కుదిపివేసే శక్తిని మాత్రం కోల్పోతుంది. కళ్ళ కదలికకు ఉన్న ప్రత్యేక బలం ఎంత అన్న విషయంలో పండితుల మధ్య వాదం ఉన్నది. కాని మొత్తం చికిత్స పనిచేస్తుందన్న దానికి తగిన ఆధారం ఉన్నందున, ఆఘాతానంతర మానసిక వ్యాధికి ఈ పద్ధతినీ, ఆఘాతం మీద దృష్టిపెట్టే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. అదే పత్రంలో ఆఘాతం జరిగిన మొదటి నెలలో ఆ లక్షణాలకని బెంజోడయాజిపైన్ తరగతి మత్తు మాత్రలు ఇవ్వవద్దని కూడా చెప్పింది. మన ఊళ్ళలో చావు జరిగిన ఇంటికి ముందుగా చేరేది ఆ మాత్రల చీటీయే అన్న సంగతి మీకు తెలుసు.

2001 జనవరిలో గుజరాత్‌లో భూకంపం వచ్చినప్పుడు విదేశీ శిక్షకులు వచ్చి మన దేశపు థెరపిస్టులకు ఈ పద్ధతి నేర్పారు. నేడు దీనికి భారతదేశంలో ప్రత్యేక సంఘం ఉన్నది, శిక్షణలు జరుగుతున్నాయి.

ఈ చికిత్సకు 8 దశలున్నాయి. రోగి చరిత్ర తెలుసుకోవడం, అతనిని సిద్ధపరచడం, జ్ఞాపకాన్ని ఎంచుకుని బాధను 0 నుండి 10 వరకు కొలవడం, ఆ తరువాతనే జ్ఞాపకంలోకి ప్రవేశించడం, చివరకు ప్రతి కూర్చోవడాన్నీ భద్రంగా ముగించడం, మరుసటి సారి వచ్చినప్పుడు తిరిగి పరిశీలించడం ఇందులోని అంశాలు. కళ్ళు కదిలించడం మొత్తంలో ఒక భాగం మాత్రమే. సిద్ధపరచకుండా గాయాన్ని తెరవరాదన్నది ఈ వైద్యపు మొదటి నీతి.

అమెరికాలోని ఇ.ఎమ్.డి.ఆర్. అంతర్జాతీయ సంఘం ప్రాథమిక శిక్షణకు పెట్టిన లెక్క చూడండి. 20 గంటలు పాఠం, 20 గంటలు అభ్యాసం, 10 గంటలు సంప్రదింపు. దీనినే వారు కన్సల్టేషన్ అంటారు. ఆ తరువాత సర్టిఫైడ్ థెరపిస్టు కావాలంటే కనీసం 25 మంది రోగులతో 50 సెషన్లు చేసి ఉండాలి, ఆమోదం పొందిన కన్సల్టెంటు దగ్గర మరో 20 గంటల సంప్రదింపు పూర్తిచేయాలి. పాఠం విన్నంత మాత్రాన పని రాదని ఆ పద్ధతిని నిర్మించినవారే అంగీకరించారన్న మాట.

సంప్రదింపు అంటే ఏమిటి?

కన్సల్టేషన్ అంటే మరొక ఉపన్యాసం కాదు. కొత్త థెరపిస్టు తాను నిజంగా చూస్తున్న ఒక కేసును, పేరూ ఊరూ చెప్పకుండా, అనుభవజ్ఞుడైన కన్సల్టెంటు ఎదుట పెట్టడం. ఏ జ్ఞాపకాన్ని ముందు తీసుకున్నాను, ఎందుకు తీసుకున్నాను, ఎక్కడ ఆగిపోయాను, ఆ స్త్రీ మాట్లాడుతూ మాట్లాడుతూ శూన్యంలోకి చూస్తూ ఉండిపోయినప్పుడు నేను ఏమి చేశాను అన్నది దాపరికం లేకుండా చెప్పడం. రోగి అనుమతి ఉంటే వీడియోనో, ఆడియోనో చూపించడం. కన్సల్టెంటు వినీ, ప్రశ్నించీ, తప్పు దిద్దీ, తదుపరి అడుగు ఆలోచింపజేస్తాడు. రోగి బాధ్యత థెరపిస్టుదే. కాని ఆ బాధ్యతలో ఆమె ఒంటరి కాదు.

గుమాస్తాగా నాకు ఇది సులభంగా అర్థమవుతుంది. ఆఫీసులో కొత్తగా చేరినవాడు నోటు రాస్తే అది నేరుగా ఉత్తర్వు కాదు. సూపరింటెండెంటు చూస్తాడు, నియమం తప్పితే అంచున రాసి తిప్పి పంపుతాడు. అలా నాలుగు ఫైళ్ళు తిరిగి వచ్చిన తరువాతనే చేతికి పని వస్తుంది. డిపార్ట్‌మెంటు పరీక్ష ప్యాసైనవానికి కూడా ప్రొబేషను తప్పదు. ఒక పింఛను ఫైలుకే ఇన్ని కళ్ళు కావాలంటే, మనిషి మనసుకు ఒక్క కన్నయినా అక్కరలేదా?

మన మదరసాలలో ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. ఖుర్ఆన్‌ను ఇంట్లో కూర్చుని తానే కంఠస్థం చేసుకుని హాఫిజ్‌నని చెప్పుకునేవాణ్ణి ఎవరైనా తరావీహ్ నమాజుకు ముందు నిలబెడతారా? ఉస్తాద్ ఎదుట కూర్చుని వినిపించాలి, ప్రతి ఉచ్చారణా ఆయన చెవిన పడాలి, తప్పిన చోట ఆపించుకోవాలి, దౌర్ చేయాలి. ఇజాజత్ అనే సంప్రదాయం శతాబ్దాలుగా నిలిచింది ఈ క్రమం మీదనే. కన్సల్టేషన్ ఈ పాత క్రమానికే కొత్త పేరు.

అది లేనప్పుడు జరిగేది

నేను సాయం కోసం తిరిగే ఇళ్ళలో ఒక ఇంటి సంగతి చెబుతాను. పేర్లు, ఊరు అనవసరం. భర్త గల్ఫ్‌లో పని చేసే చోట ప్రమాదంలో చనిపోయాడు. శవపేటిక తెరవవద్దన్నారు. భార్య ముఖం చూడకుండానే ఖనన్ జరిగిపోయింది. ఇద్దత్ ముగిసిన తరువాత బంధువులు ఆమెను ఒక కౌన్సెలర్ దగ్గరకు తీసుకుపోయారు. కౌన్సెలర్ మంచి పిల్ల, చదువుకున్నది, శ్రద్ధ ఉన్నది. మొదటి రోజునే ఆ పెట్టె ఇంటి ముందు దిగిన క్షణం నుండి అంతా చెప్పమన్నది. ఆమె చెప్పింది. చెబుతూ చెబుతూ మాట పడిపోయింది. సమయం అయిపోయింది, ఇంటికి పంపారు. ఆ తరువాత కొన్ని వారాలు ఆమె నిద్రపోలేదు, బిడ్డను దగ్గరకు రానివ్వలేదు. అత్తగారు "ఈ వైద్యంతో ఉన్న మతి కూడా పోయింది" అన్నది. ఆ ఇంట్లోవారు ఇక ఏ థెరపిస్టు గడపా తొక్కరు.

ఇక్కడ దోషం ఆ పిల్లది అనడం సులభం. కాని ఆమె వెనుక ఎవరున్నారు? "ముందు నాలుగు వారాలు ఆమెను నిలదొక్కుకోనివ్వు, నిద్ర సంగతి చూడు, ఇంట్లో తోడు ఎవరో తెలుసుకో, పెట్టె జోలికి ఇప్పుడే పోవద్దు" అని చెప్పగలిగిన ఒక పెద్ద మనిషి ఫోనులో దొరికినా ఈ గతి పట్టేది కాదు. ఆ పిల్ల కూడా తరువాత మనసు విరిగి ఆ పని మానుకున్నది. ఒక రోగినీ, ఒక థెరపిస్టునూ ఒకేసారి పోగొట్టుకున్నాము.

మన ఇళ్ళకు ప్రత్యేకమైన చిక్కులు మరికొన్ని ఉన్నాయి. అవి ఏ పాఠ్యపుస్తకంలోనూ వివరంగా దొరకవు. సంప్రదింపులోనే తేలాలి. చేతుల మీదనో మోకాళ్ళ మీదనో థెరపిస్టు తట్టడం ఈ పద్ధతిలో ఒక మార్గం. నామహ్రమ్ పురుషుడు అలా చేస్తానంటే పర్దా పాటించే స్త్రీ ఏమంటుంది? తన చేతులను తానే రొమ్ము మీద అడ్డంగా పెట్టుకుని మార్చి మార్చి తట్టుకునే విధానం ఒకటున్నది. 1997లో మెక్సికోలో తుఫాను వచ్చినప్పుడు బాధితులతో పనిచేస్తూ కనిపెట్టారు. దానికి సీతాకోకచిలుక కౌగిలి అని పేరు. ఎవరి స్పర్శా అక్కరలేదు. ఈ సంగతి తెలిసిన కన్సల్టెంటు ఒక్క మాట చెబితే ఒక స్త్రీ చికిత్స నిలబడుతుంది. అలాగే "నీకు భద్రంగా అనిపించే చోటును ఊహించుకో" అని రోగిని సిద్ధపరచే అభ్యాసం ఉన్నది. ఇంట్లోనే దెబ్బలు తినే స్త్రీకి ఇల్లు భద్రమైన చోటు కాదు. ఆమెకు నాయనమ్మ ఒడి కావచ్చు, ఫజర్ నమాజు తరువాతి నిశ్శబ్దం కావచ్చు. ఇద్దత్‌లో ఉన్న స్త్రీ 4 నెలల 10 రోజులు క్లినిక్కుకు రాలేదు. ఫోనులో ఎంతవరకు పోవచ్చు, ఎక్కడ ఆగాలి? జిన్ను పట్టిందని నమ్మే తల్లితో వాదించాలా, ఆ నమ్మకాన్ని గౌరవిస్తూనే చికిత్స సాగించాలా? ఇటువంటి ప్రశ్నలకు ఒంటరిగా జవాబు వెతుక్కునే పిల్ల తప్పటడుగు వేయకుండా ఉండగలదా?

థెరపిస్టు ఆరోగ్యం కూడా ఇక్కడ పణంగా ఉన్నది. రోజంతా ఉరితాళ్ళ కథలు, శవపేటికల కథలు విన్న ఇరవై అయిదేళ్ళ అమ్మాయి రాత్రి ఇంటికి పోయి ఎవరితో చెప్పుకుంటుంది? చెప్పుకుంటే రహస్యం బయటపడుతుంది. చెప్పుకోకపోతే ఆ విషం ఆమెలోనే మిగులుతుంది. దానిని న్యాయంగా దించుకోవడానికి ఉన్న చోటు కన్సల్టేషనే.

"అసలు వైద్యులే లేరు కదా?"

ఈ వాదనను నేను తేలికగా కొట్టివేయను. బెంగళూరులోని నిమ్‌హాన్స్ 2015-16లో నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, వివిధ మానసిక వ్యాధులున్నవారిలో 70 నుండి 92 శాతం వరకు చికిత్స అందనివారే. పట్టణాలు దాటితే పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించవచ్చు. ఇట్టి స్థితిలో వచ్చిన ఒకరిద్దరు థెరపిస్టులకు కూడా షరతులు పెడితే ఎవరు మిగులుతారని మిత్రులు అడుగుతారు.

కాని కొరత ఉన్నచోట సంప్రదింపు మరింత అవసరమని మన పరిసర అనుభవాలే చూపుతున్నాయి. పాకిస్తాన్ పల్లెలలో లేడీ హెల్త్ వర్కర్లు కాన్పు తరువాతి కుంగుబాటుకు చికిత్స చేసి సత్ఫలితాలు సాధించిన అధ్యయనం 2008లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వారు సైకాలజిస్టులు కారు, మన ఆశా కార్యకర్తల వంటివారు. మన గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం సాధారణ చదువున్న స్థానికులనే కౌన్సెలర్లుగా తయారుచేసింది. ఆ కౌన్సెలర్లు తమ సెషన్లను రికార్డు చేసి, అందరూ కలిసి విని, ఒకరికొకరు మార్కులు వేసుకుని చర్చించుకునేవారు. ఈ రెండు చోట్లా శిక్షణ చిన్నది, కాని తదుపరి పర్యవేక్షణ క్రమం తప్పనిది. పెద్ద డిగ్రీ లేని లోటును ఆ క్రమం పూడ్చింది. డిగ్రీ ఉండి ఆ క్రమం లేకపోతే కలిగే లోటును మాత్రం ఏదీ పూడ్చదు.

ఇంకొక వాదన ఉన్నది. "మనకు దువా ఉన్నది, సబ్ర్ ఉన్నది, ఈ చికిత్సలెందుకు?" అని. దువా, సబ్ర్ మన ఆస్తి. ఆఘాతానికి లోనైనవారిలో ఎక్కువమంది కుటుంబం అండతో, విశ్వాసం బలంతో, కాలంతో పాటు కోలుకుంటారన్నది వైద్యులూ ఒప్పుకునే మాటే. కోలుకోలేని కొందరి గురించే ఈ చర్చ. వారికి చికిత్స చేయించడం విశ్వాసానికి విరుద్ధం కాదని మన చరిత్రే చెబుతుంది. పదకొండు వందల ఏళ్ళ క్రితం అబూ జైద్ అల్ బల్ఖీ శరీరం, మనసు రెండింటి ఆరోగ్యాన్నీ కలిపి ఒకే గ్రంథం రాశాడు. మనసుకు వచ్చే భయాన్ని, దుఃఖాన్ని, కోపాన్ని విడివిడిగా చర్చించాడు. కైరోలో 13వ శతాబ్దంలో సుల్తాన్ ఖలావూన్ కట్టించిన ఆసుపత్రిలో మనోవ్యాధులకు కూడా చోటున్నది. ఆ వారసత్వాన్ని మరచి రోగిని గొలుసుతో కట్టివేసిన చోట ఏమయిందో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో చూశాము. దర్గా ప్రాంతపు ప్రైవేటు ఆశ్రమంలో మంటలు రేగినప్పుడు గొలుసులలో ఉన్న 28 మంది కదలలేక కాలిపోయారు. పర్యవేక్షణ లేని ఆమిల్‌ను మనం ప్రశ్నిస్తే, పర్యవేక్షణ లేని థెరపిస్టును కూడా అదే నోటితో ప్రశ్నించాలి. రెండు చోట్లా బలి అయ్యేది మన బిడ్డే.

రహస్యం ఒక అమానత్

చిన్న పట్టణంలో పేరు చెప్పకపోయినా మనిషి తెలిసిపోతాడు. "దుబాయిలో భర్త పోయిన, ఫలానా వీధిలోని బీడీలు చుట్టే స్త్రీ" అంటే చాలు, కోరుట్లలో సగం మంది గుర్తుపడతారు. కాబట్టి సంప్రదింపు పేరుతో కేసులను బయట మాట్లాడడం గీబత్‌గా మారే ప్రమాదం లేకపోలేదు. దీనికి విరుగుడు సంప్రదింపును మానుకోవడం కాదు, దానిని నియమంలో పెట్టడం. కన్సల్టెంటు ఈ పట్టణం వాడు కాకపోవడం మేలు. వీడియో ద్వారా హైదరాబాదు నుండో, మరో రాష్ట్రం నుండో వినవచ్చు. ఊరి పేరు, వృత్తి, కుటుంబ వివరాలు మార్చి చెప్పాలి. రికార్డింగు రోగి రాతపూర్వక అనుమతితోనే జరగాలి, పని ముగిసిన వెంటనే చెరిపివేయాలి. అన్నింటికంటే ముందు, "నీ విషయం నేను ఒక పెద్దవారితో చర్చిస్తాను, నీ పేరు చెప్పను" అని మొదటి రోజునే రోగికి తెలియజేయాలి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 రోగికి గోప్యత హక్కును ఇచ్చింది. మన దృష్టిలో అది అంతకంటే పాతది. చెప్పిన మాట అమానత్.

మనం ఏమి అడగాలి?

అదే చట్టం మతం, కులం, వర్గం, స్త్రీ పురుష భేదం లేకుండా మానసిక చికిత్స పొందే హక్కును ప్రతి పౌరునికీ ఇచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించినవాణ్ణి తీవ్ర ఒత్తిడిలో ఉన్నవానిగా భావించి అతనికి చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. 2022లో జగిత్యాలకు, 2023లో సిరిసిల్లకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 14416 నంబరుతో టెలి మానస్ సేవ తెలుగులో కూడా పనిచేస్తున్నది. 2017 నుండి ఉర్దూ మన రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాష. పునాదులు పడ్డాయి. మీద గోడ లేవాలి. అందుకోసం నేను కొన్ని కోరికలను సముదాయం ముందు పెడుతున్నాను.

మొదటిది, ఈ రెండు వైద్య కళాశాలల మానసిక వైద్య విభాగాలు జిల్లాలోని కౌన్సెలర్లు, సైకాలజిస్టుల కోసం నెలకు ఒక రోజు కేసు సంప్రదింపు జరపాలి. కోరుట్ల ఏరియా వారికి దూరం కాకుండా వంతులవారీగా అక్కడ కూడా కూర్చోవాలి. ఇందుకు కొత్త భవనం అక్కరలేదు. ఒక గది, ఒక తెర, ఎర్రగడ్డ మానసిక వైద్యశాల వంటి చోటనున్న నిపుణుల రెండు గంటల సమయం చాలు.

రెండవది, మన సంఘాలు గాని, ప్రభుత్వ మైనారిటీ పథకాలు గాని ఒక అమ్మాయిని శిక్షణకు పంపితే, ఫీజుతో పాటు ఏడాదిపాటు సంప్రదింపు ఖర్చును కూడా లెక్కలో చేర్చాలి. చాలామంది శిక్షణ దగ్గరే ఆగిపోవడానికి కారణం గంటకింత అని కన్సల్టెంటుకు ఇవ్వలేకపోవడమే. నలుగురైదుగురు కలిసి ఒక బృందంగా కూర్చుంటే ఆ ఖర్చు పంచుకోవచ్చు. జకాత్ సొమ్మును ఇందుకు వాడవచ్చునా అన్నది ఉలమాలు చెప్పవలసిన విషయం. సదఖా, చందాల విషయంలో అడ్డు ఏమున్నది? పెళ్ళి విందులో ఒక వంటకం తగ్గిస్తే ఒక థెరపిస్టుకు ఏడాది గడుస్తుంది.

మూడవది, మన దక్కనీ ఉర్దూ, మన కరీంనగర్ తెలుగు రెండూ అర్థమయ్యే స్త్రీ కన్సల్టెంట్లు తయారుకావాలి. ఇంగ్లీషులో రాసుకున్న కేసులో "దిల్ ఘబ్రాతా" అన్న మాట సగం చచ్చిపోతుంది.

నాలుగవది, సంప్రదింపు నిజంగా జరగాలి. చూడకుండా సంతకం పెట్టిన ఫైళ్ళను నేను ఎన్నో చూశాను. డబ్బు తీసుకుని గంటలు పూర్తయినట్లు కాగితం ఇచ్చే కన్సల్టెంటు కంటే అసలు కన్సల్టెంటు లేకపోవడమే నయం. ఎందుకంటే ఆ కాగితం చూసి మనం నమ్ముతాము. క్లినికల్ సైకాలజిస్టుల నమోదుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఉన్నది. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం మానసిక ఆరోగ్య వృత్తులను కూడా తన పరిధిలోకి తెచ్చింది. ఈ వ్యవస్థలు శిక్షణ తరువాతి సంప్రదింపును కూడా లెక్కలోకి తీసుకోవాలని మన ప్రజాప్రతినిధులు అడగాలి.

చివరిది కుటుంబాల పని. చికిత్సకు పోయినప్పుడు బోర్డు మీద ఉన్న అక్షరాలను లెక్కపెట్టకండి. మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. అమ్మా, మీ నమోదు ఎక్కడ? ఈ పద్ధతిలో మీ శిక్షణ ఎంతవరకు వచ్చింది? కష్టమైన కేసు వస్తే మీరు ఎవరిని సంప్రదిస్తారు? మూడవ ప్రశ్నకు మొహం చిట్లించేవారి దగ్గర మీ బిడ్డను కూర్చోబెట్టకండి. "నాకు ఒక పెద్దావిడ ఉన్నారు, నెలకు రెండుసార్లు ఆమెతో మాట్లాడతాను" అని చెప్పే కొత్త పిల్ల దొరికితే ఆమె వయసు చూసి వెనుకాడకండి.

మనకు తెలిసిన పిల్ల, మన వీధి పిల్ల ఈ పనికి పూనుకున్నది. ఆమెను ఒంటరిగా ఆ కుర్చీలో కూర్చోబెట్టి, చెడితే నిందించి, బాగైతే మరచిపోవడం న్యాయం కాదు. ఆమె వెనుక ఒక గురువునూ, ఆ గురువు వెనుక ఒక వ్యవస్థనూ నిలబెట్టడం మన బాధ్యత. వచ్చే నెల మీ మస్జిద్ కమిటీ, మహిళా సంఘం, విద్యా సంఘం సమావేశమైనప్పుడు ఎజెండాలో ఈ ఒక్క అంశం చేర్చండి. కలెక్టరుకూ, వైద్య కళాశాల ప్రిన్సిపాలుకూ ఇవ్వవలసిన వినతిపత్రం ముసాయిదా రాయడానికి నావంటి రిటైర్డు గుమాస్తాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ఆ పని మాకు అప్పగించండి.